బాబాయిని, తమ్ముణ్ణి వెంటేసుకుని మద్రాసు సీజన్ చివరి వారం

డిసెంబర్ కర్ణాటక సంగీత సీజన్‌కి మద్రాసు వస్తున్నాం, ఏ సభకి (కచేరీలు పెట్టే సంస్థల్ని ఇక్కడ సభలంటారు) వెళ్లాలి, టికెట్లు దొరుకుతాయా, ఎక్కడ కూర్చుంటే బాగా వినపడుతుంది అని ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఈసారి మా బాబాయి, ఆయన కొడుకు విజయవాడ నుంచి వచ్చారు, వారం రోజులు వాళ్లని నాతో పాటు తిప్పాను, ఆ తిరుగుడంతా రోజువారీగా ఇక్కడ పెడుతున్నా, అడిగేవాళ్లకి పనికొస్తుంది. నేను మృదంగం వాయిస్తాను, ఉండేది మందవెల్లిలో. కాబట్టి ఇది స్టేజీ మీద పక్కవాద్యం కూర్చునే చోటు నుంచి కనపడే సీజన్ అనుకోండి. పెద్ద పెద్ద పేర్ల లిస్టు కావాలంటే పేపర్లో రోజూ వస్తుంది.

డిసెంబర్ 26

పినాకినిలో పొద్దున్నే విజయవాడలో ఎక్కి మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగారు. ఆటో మాట్లాడబోతుంటే ఆపాను. మైలాపూర్ వైపు ఉండేవాళ్లకి సెంట్రల్ దగ్గర్లోనే పార్క్ టౌన్ స్టేషన్ ఉంది, అక్కడ వేలచ్చేరి వెళ్లే లోకల్ రైలెక్కితే తిరుమయిలైలోనో మందవెల్లిలోనో దిగిపోవచ్చు. మైలాపూర్‌లోని లజ్ చుట్టుపక్కల మెట్రో పనుల వల్ల రోడ్లన్నీ తిప్పి తిప్పి పంపిస్తున్నారు, ఆటోలో కూర్చుంటే కచేరీలో మొదట పాడే వర్ణం అయిపోయాక గానీ హాలు చేరం.

రైల్లోనే బాబాయి బ్యాగులోంచి పేపర్ తీశారు. ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టి ఉన్నాయి, అన్నీ సాయంత్రం ఆరున్నర, ఏడు గంటల కచేరీలే, అన్నీ మనందరికీ తెలిసిన పేర్లే. "ఒరేయ్, ఇవన్నీ కుదురుతాయా" అన్నారు. "రెండు చూద్దాం బాబాయ్, మిగతా టైమంతా నాకిచ్చేయండి" అన్నాను. ఆయనకి నచ్చలేదు, తమ్ముడు మాత్రం నా వైపే.

సీజన్ కొత్తవాళ్లకి ముందు అర్థం కావాల్సింది ఈ టైముల సంగతి. పెద్ద సభల్లో ఒకే స్టేజీ మీద రోజుకి మూడు నాలుగు కచేరీలు జరుగుతాయి. మధ్యాహ్నం పన్నెండుకి, రెండుకి కొత్తవాళ్లు, చిన్నవాళ్లు. నాలుగింటికి కాస్త పేరొచ్చినవాళ్లు, ఇంకో నాలుగైదేళ్లలో సాయంత్రానికి వెళ్లబోయేవాళ్లన్నమాట. ఆరున్నర ఏడుకి సీనియర్లు. సాయంత్రానికి టికెట్టు కొనాలి, మధ్యాహ్నాలు చాలా చోట్ల ఉచితం, నేరుగా వెళ్లి కూర్చోవడమే. వారానికే వచ్చేవాళ్లు అందరూ సాయంత్రాల వెంట పడి మధ్యాహ్నమంతా బీచ్‌లోనో బట్టల షాపుల్లోనో గడిపేస్తారు, నాకు నిజంగా బాధేస్తుంది. రెండింటి స్లాట్‌లో పాడే పిల్ల ఏడాదంతా ఆ గంటన్నర కోసమే సాధన చేసి ఉంటుంది, ఆ కచేరీలో ఉండే తపన ఒకే వారంలో ఐదారు కచేరీలు చేసే పెద్దవాళ్ల దగ్గర ప్రతిసారీ దొరకదు.

సాయంత్రం తూర్పు మాడ వీధిలో ఉన్న భారతీయ విద్యాభవన్‌కి తీసుకెళ్లాను. కపాలీశ్వర స్వామి గుడి పక్కనే, మెట్లెక్కి వెళ్లి కూర్చుంటే చాలు. వయొలిన్ సోలో ఉంది ఆ రోజు. తమ్ముడు కూడా వయొలిన్ వాయిస్తాడు, మొదటి వరసలో కూర్చుని విల్లు పట్టిన చేతి మీంచి కళ్లు తిప్పలేదు. మొదటి రోజు అంతకంటే ఎక్కువ వద్దనుకున్నాం, ప్రయాణం చేసొచ్చినవాళ్లు కదా.

డిసెంబర్ 27

ఐదింటికే లేపేశాను. ధనుర్మాసం, ఇక్కడివాళ్ల మార్గళి, మన దగ్గరా ఉంటుంది, తిరుప్పావై మన గుళ్లలోనూ చదువుతారు, కానీ మైలాపూర్ మాడ వీధుల్లో మార్గళి తెల్లవారుజాము చూసి తీరాలి. తాళాలు పట్టుకుని, హార్మోనియం మెడలో వేసుకుని భజన చేస్తూ గుడి చుట్టూ తిరుగుతారు, ఇళ్ల ముందు పెద్ద పెద్ద ముగ్గులు, ముగ్గు తొక్కకుండా పక్కకి జరిగి నడిచేవాళ్లు. తమిళ వాగ్గేయకారులు పాపనాశం శివన్ గారు ఏళ్ల తరబడి ఈ వీధుల్లోనే మార్గళి భజన నడిపించారు. ఎవరైనా కలవొచ్చు, ఎవరూ ఏమీ అనరు. బాబాయి రెండో వీధి మలుపు తిరిగేసరికే గొంతు కలిపేశారు, తమిళం రాదు, స్వరం పట్టుకుని వెళ్లిపోతున్నారు.

అక్కడి నుంచి ఎనిమిదికల్లా మ్యూజిక్ అకాడమీకి, టీటీకే రోడ్డు. సీజన్‌లో పొద్దున్న పూట అక్కడ సోదాహరణ ప్రసంగాలుంటాయి, ఇక్కడందరూ లెక్‌డెమ్ అంటారు. ఉచితం, సంగీతం నేర్చుకునే పిల్లలు ఒక్కటి కూడా వదలకూడదు. ఒక రాగం పాత గ్రంథాల్లో ఎలా ఉండేది, ఒక తాళంలో పల్లవి ఎలా కట్టాలి, ఇలాంటివి ఒక విద్వాంసుడు పాడి చూపిస్తూ చెప్తారు, ఆ తర్వాత ఎదురుగా కూర్చున్న పెద్దలు ప్రశ్నలు వేస్తారు. ఆ ఏడు అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకోబోయేవాళ్లే రోజూ సభకి అధ్యక్షత వహిస్తారు. నిజానికి అకాడమీ పుట్టిందే చర్చల్లోంచి, 1927 డిసెంబర్‌లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దానితో పాటు సంగీత సమ్మేళనం పెట్టారు, మరుసటి ఏడు 1928లో అకాడమీ మొదలైంది. ఇప్పుడున్న హాలు 1962 నుంచి ఉంది.

హాల్లో ఒక పక్కన బాబాయి అకాడమీ కళానిధుల లెక్క మొదలుపెట్టారు, ఆయనకి ఇవన్నీ కంఠతా. 1941లో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, 1978లో బాలమురళి గారు, 1983లో పినాకపాణి గారు, 1991లో నేదునూరి గారు, 1998లో నాదస్వరం షేక్ చినమౌలానా గారు, 2016లో అవసరాల కన్యాకుమారి గారు. చినమౌలానా గారి గురించి మాట్లాడుతుంటే ఆయన గొంతు మారిపోయింది, మన ప్రకాశం జిల్లా నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడి తమిళ నాదస్వరం వాళ్ల మధ్య ఆ స్థాయి తెచ్చుకోవడం అంటే మాటలు కాదు.

తర్వాత క్యాంటీన్. సీజన్‌లో సభ క్యాంటీన్లకి విడిగా అభిమానులున్నారు, కచేరీ వినకుండా తినడానికే వచ్చేవాళ్లనీ చూశాను, టికెట్టు లేకపోయినా లోపలికి వెళ్లి తినొచ్చు. పొంగలి, వడ, దబరా గ్లాసులో కాఫీ. మధ్యాహ్నం ఆకులో భోజనం కూడా పెడతారు, కాకపోతే లైను పెద్దది, పన్నెండింటి కచేరీకి వెళ్లాలనుకుంటే పదకొండున్నరకే కూర్చోండి.

పన్నెండింటి కచేరీలో చిన్న గొడవ, గొడవంటే బాబాయికీ నాకూ. పాడే అబ్బాయికి మంచి గొంతు, మంచి జ్ఞానం, కానీ తెలుగు సాహిత్యం పలకడంలో గ ఉన్నచోట క, ద ఉన్నచోట త వచ్చేస్తున్నాయి. బాబాయి ప్రతి చరణానికీ తల పట్టుకుంటున్నారు, బయటికొచ్చాక "మన భాష ఇలా ఖూనీ అవుతుంటే మీరంతా పక్కన కూర్చుని ఎలా వాయిస్తార్రా" అన్నారు. ఆయన బాధ నాకు తెలుసు, కానీ నేను ఒప్పుకోలేదు. తమిళ లిపిలో క ఖ గ ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, పిల్లలు ఆ లిపిలో రాసుకున్న సాహిత్యం చూసి నేర్చుకుంటారు, ఒత్తులు గురువు నోటి నుంచే రావాలి, గురువు దగ్గరే అవి లేకపోతే శిష్యుడికెక్కణ్ణుంచి వస్తాయి. త్యాగరాజ స్వామి, శ్యామశాస్త్రి గారు, క్షేత్రయ్య, అన్నమయ్య, రామదాసు, వీళ్లందరి సాహిత్యం ఈ వారం ఈ ఊళ్లో పొద్దున్నుంచి రాత్రి దాకా పాడుతున్నారు, పాడేవాళ్లలో సగం పైన ఇంట్లో తెలుగు మాట్లాడరు. ఆ కీర్తనలు నోటికి పట్టి నిలబెట్టింది వాళ్లే కదా బాబాయ్, మన ఊళ్లో మధ్యాహ్నం పన్నెండింటికి కచేరీ పెడితే హాల్లో ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి అన్నాను. ఆయన మాట్లాడలేదు. సాయంత్రం దాకా ముభావంగానే ఉన్నారు.

డిసెంబర్ 28

నా కచేరీ రోజు. మధ్యాహ్నం రెండు గంటల స్లాట్, ఒక అమ్మాయి గాత్రానికి పక్కవాద్యం. సభ పేరు రాయను, ఎందుకో కిందికొస్తే తెలుస్తుంది.

పొద్దున్న మృదంగం సంగతే సరిపోయింది. బయటివాళ్లు ఒక మృదంగం ఉంటే చాలనుకుంటారు, కానీ మగ గొంతుకి ఒకటి శ్రుతి చుట్టుపక్కల, ఆడ గొంతుకి అయిదు శ్రుతి చుట్టుపక్కల కావాలి, అందుకని తగ్గు శ్రుతికి పెద్ద మృదంగం, హెచ్చు శ్రుతికి పొట్టి మృదంగం విడివిడిగా ఉంచుకుంటాం. పనస కట్టె, చర్మం, వార్లు, కుడివైపు నల్లటి పూత, ఎడమవైపుకి వాయించే ముందు తడిపిన రవ్వ ముద్ద. ఏసీ హాల్లోకి వెళ్లగానే శ్రుతి కదులుతుంది, అందుకే కచేరీకి చాలా ముందే వెళ్లి మృదంగాన్ని ఆ గాలికి అలవాటు చేయాలి. తమ్ముడు శ్రుతి సర్దే పుల్ల, రాయి పట్టుకుని పక్కన కూర్చున్నాడు, వాడికిది కొత్త, వయొలిన్‌కి బిరడా తిప్పితే అయిపోతుంది మరి.

గ్రీన్ రూమ్‌లో ఆ అమ్మాయి నోటుపుస్తకం చూసుకుంటోంది. తెలుగు కీర్తన, తమిళ లిపి, అక్షరాల మీద చిన్న చిన్న అంకెలు 1, 2, 3, 4. ఏ క ఎక్కడ పలకాలో గుర్తు కోసం వేసుకునే అంకెలవి. బాబాయి తొంగిచూసి అదేంటని అడిగారు, తను చెప్పింది. కాసేపయ్యాక తనే "అంకుల్, మీరు తెలుగువాళ్లు కదా, ఈ చరణం ఒకసారి చదివి చెప్తారా" అని వచ్చీరాని తెలుగులో అడిగింది. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. ఆ చరణంలో భక్తుడు రాముణ్ణి నిలదీస్తున్నాడు, ఈ అమ్మాయి నేర్చుకున్న పాఠంలో ఆ నిలదీసే మాట తాళం దెబ్బ దగ్గర రెండు ముక్కలవుతోంది, రెండో ముక్క పక్క మాటతో కలిసిపోయి అర్థమే లేకుండా పోతోంది. నెరవు, అంటే ఒకే సాహిత్య పంక్తిని రకరకాలుగా పాడటం, అక్కడే చేయాలని తను అనుకుంటోంది. బాబాయి ఆ మాట విరవకుండా నాలుగుసార్లు పలికి చూపించారు, తను నాలుగుసార్లు పాడింది, వయొలిన్ అబ్బాయి పక్కన మెల్లగా పట్టాడు. ఆ వయొలిన్ అబ్బాయిని నేను చూడటం అదే మొదలు. ఇక్కడ చాలా కచేరీలకి రిహార్సల్ ఉండదు, ముగ్గురం స్టేజీ ఎక్కే ముందే కలుస్తాం, ఏం పాడబోతోందో కొన్నిసార్లు ఆలాపన మొదలుపెట్టాకే తెలుస్తుంది, ఇందులో ఉన్న ఉత్సాహం నాకింకెక్కడా దొరకలేదు.

హాల్లో ముప్పై నలభై మంది ఉంటారు. వెనక వరసల్లో కొందరు భోజనం చేసొచ్చి కునుకు తీస్తున్నారు, ముందు వరసలో ఒక ముసలి జంట ఇద్దరూ ఒళ్లో తాళం వేసుకుంటున్నారు, ఆవిడ తాళం ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. మెయిన్, అంటే కచేరీలో ప్రధాన కీర్తన, ఖరహరప్రియ రాగం, మిశ్రచాపు తాళం. నెరవు దగ్గరికొచ్చేసరికి ఆ అమ్మాయి ఆ మాటని విరవకుండా పట్టుకుని పైస్థాయికి తీసుకెళ్లింది, గొంతులో నిజంగానే అడుగుతున్నట్టు వచ్చింది. మాట విరక్కుండా సాగితే నాకూ నడక మార్చాల్సి వచ్చింది, మామూలుగా ఆ దెబ్బ దగ్గర నేనొక ఫరన్ ముక్క, అంటే వేగంగా సాగే జతుల ముక్క, వేస్తాను, అది మానేసి ఎడమచేత్తో గుంకి, ఆ ఊగే లోతు నాదం, ఒక్కటే ఇచ్చి వదిలేశాను, అక్కడ ఖాళీయే బాగుంది.

తనికి, అంటే తాళవాద్యం ఒక్కటే వాయించే భాగానికి, పది నిమిషాలిచ్చింది. గంటన్నర కచేరీలో అది ఎక్కువే, చాలామంది ఐదు నిమిషాలతో సరిపెడతారు. మిశ్రచాపు అంటే మూడు, నాలుగు, మొత్తం ఏడు, అందులో సర్వలఘు, అంటే తాళంతో సాఫీగా సాగే నడక, వాయించుకుంటూ మొదలుపెట్టి, తిశ్ర నడకలోకి (మూడేసి దెబ్బల నడక) వెళ్లి వచ్చి, ముగింపుకి ముందొచ్చే మోహరా వేసి, ముగించే ముక్తాయింపు మూడుసార్లు వాయించి పల్లవి ఎత్తుగడ దగ్గర వదలాలి. వయొలిన్ అబ్బాయి, ఆ అమ్మాయి ఇద్దరూ తాళం వేస్తూ నా కళ్లలోకే చూస్తున్నారు. మూడోసారి ముక్తాయింపు వచ్చి పడ్డప్పుడు ఆ ముసలాయన చెయ్యెత్తి భేష్ అన్నారు. అకాడమీలో రెండు వేల చేతులు చప్పట్లు కొట్టినా నాకింత తృప్తి ఉండదేమో.

ఇప్పుడు డబ్బుల సంగతి. మధ్యాహ్నం స్లాట్‌లో చిన్నవాళ్లకిచ్చేది చాలా చోట్ల రానుపోను ఆటో ఖర్చుకే సరిపోదు. ఆ రోజు నా చేతిలో పెట్టిన కవరూ అంతే. కొన్ని చోట్ల స్లాట్ కావాలంటే ఎదురు డబ్బు కట్టమంటారు, విరాళం అనే పేరుతో, ఆ అమ్మాయి నాన్నగారు అలా కట్టే వచ్చారు. బాబాయికి నమ్మకం కుదరలేదు, మళ్లీ మళ్లీ అడిగారు. పిల్లల్ని సంగీతంలో పెట్టాలనుకునే తల్లిదండ్రులకి ఇది తెలిసుండాలి. వినేవాళ్లు మధ్యాహ్నాలకి వస్తే, హాలు నిండితే, ఈ లెక్క మారుతుంది, నేను మధ్యాహ్నాలకి రండి అని ఇంతగా పోరేది కూడా అందుకే.

డిసెంబర్ 29

పొద్దున్న లజ్‌లో నాగేశ్వరరావు పార్కులో నడక. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీద ఉన్న పార్కు, అమృతాంజనం, ఆంధ్రపత్రిక రెండూ ఆయనవే. మైలాపూర్ వచ్చిన తెలుగువాళ్లు చాలామంది దాని ముందు నుంచే వెళ్తారు, ఎవరి పేరో పట్టించుకోరు.

తర్వాత టీ నగర్. జీఎన్ చెట్టి రోడ్డులో వాణీ మహల్, త్యాగబ్రహ్మ గానసభ వాళ్లది, 1940ల్లో చిత్తూరు నాగయ్య గారు పూనుకుని మొదలుపెట్టిన సభ. సినిమా నటుడిగా తెలిసిన నాగయ్య గారు సభ కట్టించారని తమ్ముడికి తెలియదు, చాలాసేపు ఆ బోర్డు కిందే నిలబడ్డాడు. నాలుగింటి కచేరీ విని వచ్చేశాం, కచేరీ పర్వాలేదు, మైకులు మాత్రం చెవులు పగలగొట్టేశాయి. చాలా హాళ్లలో ఇదే సమస్య, వాద్యాలన్నిటినీ పెంచి పెంచి చివరికి మృదంగం కుడివైపు నాదం రేకు డబ్బా చప్పుడయిపోతుంది. అలాంటి చోట స్పీకర్లకి దూరంగా హాలు మధ్యలో కూర్చోండి. ఇంకోటి, ఒక శాలువా వెంట ఉంచుకోండి, బయట ఎండగా ఉన్నా లోపల ఏసీకి వణికిపోతారు.

డిసెంబర్ 30

కచేరీలకి సెలవిచ్చి తిరువొత్తియూర్ వెళ్లాం. నాకు ఈ వారం మొత్తంలో బాగా గుర్తుండిపోయే రోజు ఇదే. మందవెల్లి నుంచి లోకల్‌లో పార్క్ టౌన్, అక్కడ సెంట్రల్ మెట్రోలోకి మారి వింకో నగర్ వైపు వెళ్లే రైలెక్కి తిరువొత్తియూర్ తేరడిలో దిగితే గుడి దగ్గరే.

త్యాగరాజ స్వామి తిరువయ్యారు వదిలి పెద్దగా తిరగలేదు, కానీ ఒకసారి యాత్ర బయల్దేరి తిరుపతి, కంచి వెళ్లారు, మద్రాసూ వచ్చారు. కోవూరు సుందరేశ ముదలియార్ గారు జార్జిటౌన్‌లో బందర్ వీధిలో తన ఇంట్లో ఉంచుకున్నారు. శిష్యుడు వీణ కుప్పయ్యర్ గారు తిరువొత్తియూర్‌కి పిలిస్తే అక్కడ త్రిపురసుందరి అమ్మవారి మీద ఐదు కీర్తనలు చేశారు. ఈ ఊరివాళ్లు అమ్మవారిని వడివుడై అమ్మన్ అంటారు. మనం రోజూ పొద్దున సాధన చేసే వర్ణాల్లో కొన్ని ఆ కుప్పయ్యర్ గారివే, తమ్ముడు కూడా ఒకటి వాయిస్తాడు, ఆ సంగతి చెప్పగానే వాడు గుడి మంటపంలో కూర్చుని ఎడమచెయ్యి వేళ్లు భుజం మీద ఆడిస్తూ ఆ వర్ణం మొత్తం మనసులో వాయించుకున్నాడు.

అమ్మవారి సన్నిధి ముందు బాబాయి ఆ ఐదింటిలో ఒకటి అందుకున్నారు. పూజారి గారు హారతి పళ్లెం పట్టుకుని ఆగిపోయారు, క్యూలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లకి ఆ కీర్తన వచ్చు, అనుపల్లవి నుంచి వాళ్లూ కలిశారు. వాళ్లది తమిళమే. ఒకావిడ ఒక చోట ఒత్తు తప్పు పలికింది, నేను బాబాయి వైపు చూశాను, ఆయన కళ్లు మూసుకుని పాడుతూనే ఉన్నారు. మద్రాసుకి సంగీతం కోసం వచ్చే తెలుగువాళ్లు మైలాపూర్, టీ నగర్ దాటి ఇక్కడిదాకా ఒక్కసారైనా రావాలి.

తిరిగొచ్చేటప్పుడు జార్జిటౌన్‌లో దిగి బందర్ వీధి వెతుక్కున్నాం. ఇప్పుడంతా వ్యాపారాల రద్దీ, నిలబడి ఊహించుకునే చోటు కూడా లేదు, ఊరికే అటూ ఇటూ నడిచి బయటపడ్డాం. సాయంత్రం అక్కడికి దగ్గర్లోనే ఎస్ప్లనేడ్‌లో రాజా అన్నామలై మండ్రం. తమిళ ఇసై (సంగీత) సంగం వాళ్ల హాలు, డిసెంబర్ చివర్లో వాళ్ల పండుగ నడుస్తుంది, అక్కడ పాడేది తమిళ పాటలే. 1940ల్లో కచేరీలన్నీ తెలుగు, సంస్కృతాలతో నిండిపోతున్నాయి, తమిళనాట తమిళానికి చివర్లో రెండు చిన్న పాటల చోటేనా అని ఇక్కడివాళ్లు ఉద్యమం చేశారు, రాజా సర్ అన్నామలై చెట్టియార్ గారు ముందుండి నడిపారు, 1943లో ఈ సంగం వచ్చింది. ఇదంతా చెప్తే బాబాయి చాలాసేపు ఆలోచించి "వాళ్లు అడిగిందాంట్లో న్యాయముంది" అన్నారు. ఆ రోజు నాదస్వరం విన్నాం, దానికి తోడు తవిల్ అనే డోలు వాయించినాయన చేతులు చూస్తుంటే నాకు ఇంటికెళ్లి సాధన చేయాలనిపించింది, చేశాను కూడా.

డిసెంబర్ 31

బాబాయి ఎర్ర గుండ్రాల్లో ఒకటి తీర్చే రోజు, అకాడమీలో సీనియర్ గాత్ర కచేరీ. ఇలాంటి వాటికి సీజన్ టికెట్లు ఎప్పుడో అయిపోతాయి, కొన్ని కుటుంబాలు ఏళ్ల తరబడి అవే సీట్లు ఉంచుకుంటాయి. రోజు టికెట్ల కోసం పొద్దున్నే కౌంటర్ దగ్గర నిలబడాలి. తమ్ముడు ముందు వెళ్లి చోటు పట్టాడు, లైనులో అందరూ కాఫీ తాగుతూ ముందు రోజు విన్న తోడి రాగం గురించి వాదించుకుంటున్నారు, ఆ గంట కూడా సీజన్‌లో భాగమే, వాడు అందులో సగం విద్య నేర్చుకున్నాడు. పై బాల్కనీ దొరికింది. చవకైన సీట్లని చిన్నచూపు వద్దు, పైన కూర్చునేవాళ్లలో చాలామంది సంగీతం నేర్చుకున్నవాళ్లే, తాళం వేసే చేతులు అక్కడే ఎక్కువ.

సాయంత్రం రాగం తానం పల్లవి, ఒకే రాగాన్ని విస్తారంగా పాడే భాగం, శంకరాభరణంలో, రెండు కళల ఆది తాళం. తానం పాడుతుంటే కింద హాలంతా ఊపిరి బిగబట్టినట్టుంది. ఆ తర్వాత తని మొదలైంది, మృదంగం, ఘటం. మొదలవగానే లేవడం కూడా మొదలైంది, చీరలు సర్దుకుంటూ, ఫోన్లు చూసుకుంటూ వరసలు వరసలుగా క్యాంటీన్ వైపు. ప్రతి ఏడూ చూస్తాను, ప్రతిసారీ గుండెలో కలుక్కుమంటుంది. గంటన్నర సేపు గాయకుడి ఆలోచన వెంట నడిచినవాడికి తన ఆలోచన చెప్పుకోవడానికి దొరికేది ఆ పది పదిహేను నిమిషాలే. 1966లో పాల్ఘాట్ మణి అయ్యర్ గారికి సంగీత కళానిధి వచ్చేదాకా ఒక్క మృదంగ విద్వాంసుడికి కూడా ఆ గౌరవం దక్కలేదు, అప్పటి నుంచి ఇంతకాలం అయినా తని అంటే కాఫీ టైమనే అలవాటు పోలేదు.

తని ఎలా వినాలో రాదని చాలామంది అంటారు. పెద్ద విద్యేం కాదు. తాళం వేస్తూ కూర్చోండి, ఆది తాళమైతే ఎనిమిది, తప్పితే పక్కన తాళం వేసేవాళ్లని చూసి మళ్లీ కలవండి. మృదంగం తాళం మీద నడుస్తోందా, తాళానికి ఎదురు నడుస్తోందా అన్నది ఒక్కటే గమనించండి. ఘటంతో మాటకి మాట అప్పజెప్పుకోవడం మొదలయ్యాక ఆ ముక్కలు చిన్నవవుతూ వస్తాయి, చివరికి ఇద్దరూ కలిసి మోహరా పడతారు, అప్పుడు ముక్తాయింపు వస్తోందని మీకే తెలిసిపోతుంది. బాల్కనీలో బాబాయి మా ఇద్దరికంటే ముందే తాళం పట్టారు, ఘటం ఆయన ఎదురు నడకలో వెళ్లినప్పుడు చెయ్యి తడబడింది, తమ్ముడు ఆయన మోకాలి మీద తడుతూ తాళం అందించాడు. మూడో ముక్తాయింపు పల్లవి మీద పడేసరికి ముగ్గురం ఒకేసారి అరిచాం.

జనవరి 1

పొద్దున్న చివరి లెక్‌డెమ్, సాయంత్రం అకాడమీలో సదస్సు. సంగీత కళానిధి ఆ రోజే ఇస్తారు, దాంతో పాటు సీజన్‌లో బాగా పాడిన, వాయించిన చిన్నవాళ్లకి బహుమతులు కూడా ఉంటాయి, పక్కవాద్యాలకి సహా. ప్రసంగాలు పొడుగ్గా ఉంటాయి, మొత్తం కూర్చునే ఓపిక లేకపోయినా ఆ చిన్నవాళ్లు స్టేజీ ఎక్కే భాగం చూడండి, ఇంకో పదేళ్లకి పేపర్లో ఎర్ర గుండ్రాలు పడేది వాళ్ల చుట్టూనే.

రాత్రి భోజనాల దగ్గర బాబాయి వచ్చే ఏటి సంగతి ఎత్తారు. చెప్పిందే ఇక్కడా రాస్తున్నా. అకాడమీ పండుగ ఏటా డిసెంబర్ 15కి మొదలై జనవరి 1కి ముగుస్తుంది, మిగతా సభలు దానికి ముందే మొదలుపెట్టి కొన్ని సంక్రాంతి దాకా లాగుతాయి. జనం తక్కువుండాలంటే జనవరి మొదటి వారం మంచిది. రూములు మాత్రం మైలాపూర్, ఆళ్వార్‌పేట చుట్టుపక్కల రెండు నెలల ముందే చూసుకోవాలి. డాన్సు ఇష్టమున్నవాళ్లకి అకాడమీ నృత్యోత్సవం జనవరి మొదటి వారంలోనే మొదలవుతుంది, తిరువాన్మియూర్ కళాక్షేత్ర ఉత్సవం కూడా డిసెంబర్ చివర్లో ఉంటుంది, ఈసారి మాకు కుదరలేదు.

మర్నాడు తిరుగు ప్రయాణం. బాబాయి మాత్రం టికెట్టు ఇంకో వారం తర్వాతకి మార్చమన్నారు. నాలుగో తారీఖున ఆ అమ్మాయికి ఇంకో మధ్యాహ్నం కచేరీ ఉందట, ఈసారి మెయిన్ కల్యాణిలో, చరణం చదివి చెప్పమని ఫోన్ చేసింది.